పుక్కిట నీళ్లు

బొబ్బిలి ఓదార్పు కేంద్రంలో వరహాలమ్మ నోరు తెరిస్తే సలహా రాలుతుంది. నిద్ర పట్టదంటే గసగసాల పాలు, దిగులంటే ఆంజనేయుడికి ప్రదక్షిణలు. ఇలా కుదరదనీ, ఇకమీదట రుజువైన పద్ధతిలోనే వైద్యం జరగాలనీ సర్కారు అన్ని కేంద్రాల్లోనూ గోడకొక చెవి బిగించింది. ముందు మనిషి చెప్పేది పూర్తిగా వినాలి. మధ్యలో సలహా వినబడిందా, ఆ చెవి కుయ్యిమంటుంది. ఇవాళ ఒక్కరి బాధైనా అది కుయ్యిమనకుండా వినకపోతే కేంద్రానికి తాళమే.

ఆటో నడిపే గవరయ్య వచ్చేసరికి వరహాలమ్మ పుక్కిట నీళ్లు పట్టి కూర్చుంది.

“నా ఆటో ఇప్పుడు దాని పాటికది పోతందమ్మా. నన్ను ఎనక సీట్లో కూకోబెట్టీసింది. నిద్దర్లో కూడా హారను కొట్టాలని సెయ్యి లాగెస్తంది. ఇంట్లో సెప్తే, సుఖంగా కూకోక నీకేటి రోగం అంతన్నారు.”

గసగసాలు ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. నీళ్లు అడ్డం పడ్డాయి. చేసేదిలేక తలూపింది. గవరయ్య తన తొలి బేరం దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఏడ్చి, చివర్లో నవ్వి, గుండె ఖాళీ అయ్యేదాకా చెప్పాడు. గోడచెవి మీద పచ్చదీపం వెలిగింది.

అతను లేస్తూ ఆమె బుగ్గలకేసి జాలిగా చూశాడు. “పంటి సిగురు వాసినట్టుంది తల్లీ. లవంగం పెట్టుకోండి, తగ్గిపోద్ది.”

చెవి కుయ్యిమంది.

వరహాలమ్మ నీళ్లు గుటుక్కున మింగి గోడను కసిరింది. “ఊరుకోవే! ఎదుటోళ్లకి సలహా ఇచ్చే ఓపికొచ్చిందంటే, మనిషి సగం తేరుకున్నట్టే!”