వేలు పట్టేంత చోటు

ఆఫీసు మెట్ల మీద బోగుమిల్ కుడికాలి బూటు నోరు తెరిచింది.

కరిగిన మంచు మేజోడులోకి పోయింది. పోజ్నాన్ నగరంలో మూడు చలికాలాలు ఆగిన బూటు, ఈ సువాల్కీ ఊరి చలిలో మూడు వారాలు ఆగలేదు.

లోపలికి వెళ్లి మేజోడు విప్పి హీటరు మీద ఆరేశాడు.

"కొత్తాయన జెండా ఎగరేశాడర్రా!" అన్నారెవరో.

అందరూ నవ్వారు. భూమి రికార్డుల ఆఫీసుకి బదిలీ మీద వచ్చాక, ఫైళ్లకి సంబంధం లేకుండా అతని గురించి అక్కడ వినబడిన మొదటి మాట అదే.

మధ్యాహ్నం భోజనం మానేసి చౌరస్తాలోని బూట్ల కొట్టుకి వెళ్లాడు.

"ఆఫీసుకీ రోజువారీకీ ఒకటే జత కావాలండీ. గట్టిగా ఉండాలి."

కొట్టులో పనిచేసే ఝనేటా నల్లగా మెరిసే జత తెచ్చి ముందు పెట్టింది.

"సూటు కిందకి కూడా ఎంత బాగుంటాయో చూడండి."

"వద్దు బాబూ, అవి తీసుకోకు."

గోడవారన బెంచీ మీద ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, బూటు చేతిలోకి తీసుకుని, అడుగు భాగాన్ని విల్లులా వంచాడు.

"చూశావా? కుట్టన్నది లేదు. జిగురు పూసి అంటించారు. మంచు కరగడానికి మా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. జనవరి దాటేసరికి ఇది ఊడి నీ చేతికొస్తుంది."

"తాతా, మళ్లీ మొదలెట్టావా?" అంది ఝనేటా విసుగ్గా.

ఆయన వినిపించుకోలేదు. కింది అరలోంచి గోధుమరంగు జత ఒకటి లాగాడు.

"మొద్దుల్లా ఉన్నాయి," అన్నాడు బోగుమిల్.

"మొద్దులే. ప్యాంటు దించుకుంటే ఆఫీసులో ఎవడికీ కనబడవు. ఈ అంచు చుట్టూ దారం కనబడుతోందా? లోపల చెయ్యి పెట్టి చూడు. అసలైన ఉన్ని!"

బోగుమిల్ వేసుకున్నాడు.

"సరిపోయాయి."

"ఎలా సరిపోతాయి? నువ్వు తొడుక్కున్నది మేజోడా, ఉల్లిపొరా? ఇక్కడ ఉన్ని మేజోళ్లు వెయ్యకపోతే కుదరదు. ఒక సైజు పెద్దది తియ్యమ్మా!"

ఝనేటా తెచ్చింది. ముసలాయన కీళ్లు పటపటమంటుండగా నేల మీద కూర్చుని, అతని మడమ వెనక తన వేలు దూర్చాడు.

"ఊఁ... వేలు పట్టేంత చోటుండాలి. కాలివేళ్లు కదలకపోతే చలి కొరికి పారేస్తుంది. ఏదీ, కొట్టంతా ఒకసారి నడు."

బోగుమిల్ నడిచాడు. ఈ ఊరు వచ్చాక అతని వైపు అంత శ్రద్ధగా చూసిన మనిషి లేడు.

"పెళ్లాం ఉందా?"

"ఉండేది."

"అయితే మేజోళ్లు నువ్వే ఉతుక్కోవాలన్నమాట. పద, నా దగ్గరికెళ్లి టీ తాగుదాం. తోలుకి మైనం ఎలా పట్టించాలో నేర్పుతాను. నాకూ పొద్దు పోదు."

ఆయన చెయ్యి బోగుమిల్ భుజం మీద పడింది.

బోగుమిల్‌కి అనుమానం వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి మీద ఊరికే ఇంత ప్రేమ ఎందుకు కారిపోతుంది?

"ఈ కొట్టువాళ్లు మీకు కమీషన్ ఎంతిస్తారేమిటి?" అన్నాడు.

ముసలాయన చెయ్యి తీసేశాడు. వెళ్లి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు.

"లేసులు మరీ బిగించకు," అన్నాడు కాసేపటికి.

బోగుమిల్ గోధుమరంగు జతే కొనుక్కుని బయటపడ్డాడు.

ఆ జనవరిలో చలి సున్నాకి ఇరవై ఎనిమిది డిగ్రీలు కిందకి దిగింది. ఆఫీసులో ఇద్దరు కాళ్లు కమిలి సెలవు పెట్టారు. బోగుమిల్ కాళ్లు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

సాయంత్రాలు గదికి చేరి, బార్లీ సూపు వేడిచేసుకుని, రేడియోలో వాతావరణం వింటూ తాగేవాడు. రేపు ఇంకా చలి, అని చెప్పేవాళ్లు. విన్నది చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

కొట్టు ముందునుంచి వెళ్తుంటే అద్దంలోంచి ముసలాయన కనబడేవాడు. ఒకసారి ఆయన చెయ్యెత్తాడు కూడా. బోగుమిల్ సిగ్గుతో తల తిప్పుకుని వెళ్లిపోయాడు.

క్షమించమనడం పెద్ద పనేమీ కాదు. రేపు అనుకున్నాడు. వచ్చే వారం అనుకున్నాడు.

మార్చిలో మంచు కరగడం మొదలయ్యాక, గసగసాల కేకు ఒకటి కొని కొట్టులోకి వెళ్లాడు.

బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చునే పెద్దాయన రాలేదా? టీకి రమ్మన్నారు నన్ను."

ఝనేటా చేతిలో పెట్టె కింద పెట్టింది.

"వలెంతి తాతా? ఫిబ్రవరిలో పోయాడండీ. మూడురోజులు ఇటు రాకపోయేసరికి నేనే వెళ్లి తలుపు కొట్టాను."

బోగుమిల్ కేకు పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"మీ మనిషే అనుకున్నాను. మీరే ఆయనకి ఏదో ముట్టజెబుతారనుకున్నాను."

"మేమా! మా యజమాని రెండుసార్లు బయటికి గెంటాడు. అయినా మర్నాడు పొద్దున్నే ప్రత్యక్షం. నీకెందుకు తాతా ఈ గొడవ, అని నేనూ కసిరేదాన్ని."

"ఏమనేవారు?"

"'నా దగ్గరికి వచ్చేసరికే వాళ్ల కాళ్లు తడిసిపోయి ఉంటాయమ్మా,' అనేవాడు."

"ఆయన దగ్గరికి ఎవరు వస్తారు?"

ఝనేటా అద్దంలోంచి ఎదుటి సందు చూపించింది.

మూసి ఉన్న ఓ చిన్న తలుపు మీద, రంగు వెలిసిన బోర్డు వేలాడుతోంది: 'ఇచ్చట చినిగిన బూట్లు కుట్టబడును.'