దారి అడిగి వెళ్లిన మెసేజ్

"ఇది చేరదమ్మా లిడియా. చేరితే నా పేరు మార్చుకుంటాను," అన్నారు వెంకటకృష్ణయ్య, తెనాలి బజారులో జిలేబీ కొట్టు ముందు నిలబడి.

లిడియా చేతిలోని ఫోను వైపు చూసుకుంది. ఆయన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. ఆయన సంతకం పెడితేనే ఆమెకు పీహెచ్‌డీ. టవరూ సిమ్మూ లేకుండా, ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు అందుకుంటూ పోయే మెసేజ్‌కి ఏ పద్ధతి మేలు అన్నది ఆమె పరిశోధన. "కంప్యూటర్ బొమ్మల్లో ఏదైనా గెలుస్తుంది, రోడ్డు మీద చూపించు" అని ఆయన పట్టుబట్టారు. అందుకే ఈ ఎండలో ఈ పరీక్ష. కాలేజీ నుంచి కొట్టు దాకా స్టూడెంట్లు ఫోన్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. అవతల సెమినార్ హాల్లో గైడు రమేష్ బాబు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నారు. ఎగ్జామినర్‌గారి భార్య వేదవతి కూడా ఏసీ చల్లగా ఉందని అక్కడే ఉండిపోయారు. పరీక్ష అవగానే దంపతులిద్దరూ రేపల్లెలో పెళ్లికి వెళ్లాలి.

మొదటి పద్ధతి అప్పటికే ఫెయిలైంది. అందులో ప్రతి ఫోనూ మిగతా ఫోన్లన్నిటికీ దారులు ముందే పట్టిక వేసి ఉంచుకుంటుంది. పట్టిక ప్రకారం ఫణి అనే స్టూడెంటు మందుల షాపు దగ్గరుండాలి. ఫణి టీ తాగడానికి వెళ్లాడు. మెసేజ్ మందుల షాపు దగ్గర గల్లంతయింది.

వెంకటకృష్ణయ్యగారి సర్వీసంతా ఆ పట్టిక పద్ధతి మీదే గడిచింది.

"తప్పు పట్టికది కాదు, ఫణిది. మనుషులు కదలకుండా ఉంటే బంగారంలా చేరేది."

"కదిలేవాళ్ల కోసమే కదండీ సార్ ఇది..."

"మరి నీ రెండో పద్ధతి ఏంటి? మెసేజ్ పంపేటప్పుడు 'రమేష్ బాబు ఎక్కడ, రమేష్ బాబు ఎక్కడ' అని దొరికిన ఫోన్నల్లా అడగడం! ఊరంతా గోల."

"గోలేనండి. కానీ ఎవరు ఎటు కదిలినా, అప్పటికప్పుడు ఉన్న దారి తెలుస్తుందండి."

"చూద్దాం. ఇటివ్వు, నేనే టైప్ చేస్తాను. మళ్లీ ముందే పెట్టిన మెసేజ్ అంటారు." ఫోను అందుకుని, కాస్త ఆగి అడిగారు. "ఇది మన రమేష్ లాప్‌టాప్‌కే కదా వెళ్లేది?"

"సార్ లాప్‌టాప్‌కేనండి."

ఆయన అటు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ముసిముసిగా నవ్వుకుంటూ చాలాసేపు టైప్ చేసి పంపారు. తెర మీద 'దారి వెతుకుతోంది' అని పడింది. అలాగే ఉండిపోయింది.

"ఒక ప్లేటు ఇవ్వు బాబూ," అన్నారాయన కొట్టువాడితో. వేడి బెల్లం జిలేబీ వచ్చింది. "నువ్వూ తీసుకోమ్మా."

"వద్దండి." ఆమె ఫోను తెర వైపే చూస్తోంది.

'దారి వెతుకుతోంది.'

ప్లేటు ఖాళీ అయింది. వెంకటకృష్ణయ్య వేళ్లు నాకుతూ జాలిగా చూశారు. "దిగులు పడకమ్మా. ఇంకో రెండేళ్లు పనిచేస్తే పోయిందేముంది? రిపోర్టులో మాత్రం ఉన్నదే రాస్తాను. బాబూ, ఇంకో ప్లేటు!"

లిడియా కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రభువును తలుచుకుంటూ రోడ్డు వైపు చూసింది. దూరంగా ఫణి మూతి తుడుచుకుంటూ టీ కొట్టులోంచి బయటికొచ్చాడు.

ఫోను టింగుమంది. 'చేరింది.'

"సార్! చేరింది సార్!" లిడియా గెంతినంత పని చేసింది. "ఫణి బయటికి రాగానే, టీ కొట్టు మీదుగానే దారి దొరికిందండి!"

"ఆఁ?" ఆయన చేతిలో జిలేబీ నోటి దాకా వెళ్లి ఆగింది. "రమేష్ చూసుంటాడా?"

"హాల్లో అందరూ చూసుంటారండి. లాప్‌టాప్‌కి ప్రొజెక్టర్ పెట్టాం."

"అందరూ... అంటే?"

ఫోను మళ్లీ టింగుమంది.

"జవాబు కూడా వచ్చేసింది సార్!" లిడియా సంబరం పట్టలేక, కొట్టు దగ్గరున్న అందరికీ వినబడేలా చదివేసింది.

"ఏవండీ, నన్ను ఇంకో గంట కదలనివ్వొద్దని రమేష్ బాబుగారికి మీరు పంపింది తెర మీద అందరం చదివాం. ఆ షుగరు పెట్టుకుని జిలేబీ తింటున్నారన్నమాట! కదిలి వస్తున్నాను. ఈలోపు ఆ పిల్ల రిపోర్టు మీద సంతకం పెట్టి, ఆ ప్లేటు కిందపెట్టి, మూతి కడుక్కుని కూర్చోండి. - వేదవతి."