మరో నాలుగు బ్రేక్‌పాయింట్లు

పందొమ్మిది వందల తొంభై ఏడు. పత్తి సీజన్ మొదలైన మూడో నాడే, సిద్దిపేట కరీంనగర్ రోడ్డులోని లారీ కాంటా కంప్యూటర్ మొరాయించింది. లారీ ఎక్కితే బరువు చూపకుండా బిగుసుకుపోతోంది. హైదరాబాదు నుంచి సామ్యూల్ అనే ఇంజనీరు వచ్చాడు.

నాగేశం ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాడు. సీజన్ జోరుగా ఉండేది నెల రోజులే. ఎన్ని లారీలు తూగితే ఏడాదికి అంత బతుకు. పెట్టనిదే పుట్టదని ఎరిగిన మనిషి కాబట్టి ఇంజనీరుకు చాయ, బిర్యానీ, లాడ్జి గది అన్నీ తనే చూస్తున్నాడు.

"కాంటాల తప్పు లేదు సేట్. కాంటాకు, కంప్యూటర్‌కు నడుమ డ్రైవర్ అని ఒక ప్రోగ్రాం ఉంటది. తప్పు దాంట్ల ఉన్నది. అక్కడక్కడ బ్రేక్‌పాయింట్ పెడుత. గాడికి రాంగనే కంప్యూటర్ మొత్తం ఆగుతది. లోపల ఏమైందో గీ రెండో కంప్యూటర్‌ల చూస్త."

"అంటే ఆగిపోయే దాన్ని బాగుచేసుడంటే, ఇంకింత ఆపుడా సారూ?"

"గంతే."

నాగేశానికి ఈ విద్య తెగ నచ్చింది.

ఆపడం మొదలైంది. కంప్యూటర్‌తో పాటు అందులోని గడియారమూ నిలిచిపోయింది. బయట పొద్దు వాలింది. లోపల ఇంకా పొద్దున పదీ ఇరవయ్యే.

రసీదుబుక్కు ముందేసుకుని కూర్చున్న సుశీలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తొమ్మిది లారీలు మర్లిపోయినయ్ అన్నా."

"పదకొండు," అన్నాడు నాగేశం. లెక్కలో ఆయన తప్పడు.

మూడో రోజు సామ్యూల్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "దొరికింది! ఒక్కటే లైను. గంట సేపట్ల నడుస్తది."

నాగేశం గుండె జారిపోయింది. "ఆగుండ్రి సారూ. ఒకటి దొరికిందంటే లోపల దాని తమ్ముండ్లు ఎందరున్నరో! ఇంకో నాలుగు పెట్టుండ్రి. ఏమంటవ్ చెల్లె?"

"కాంటాల సంగతి నీకన్నా ఎవలకెరుక అన్నా," అంది సుశీలమ్మ.

"గింత ఓపిక నేనెక్కడ చూడలే సేట్," అన్నాడు సామ్యూల్, కళ్లు చెమర్చగా. నాలుగు అడిగితే ఆరు పెట్టాడు. కంప్యూటర్ ఆగింది.

బయట హారన్ కొట్టి కొట్టి విసిగిన కోహెడ డ్రైవర్ కాశయ్య, పత్తి లారీని సుశీలమ్మ కాంటా ముందు నుంచి వెనక్కి తీసి, రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న నాగేశం కాంటా ఎక్కించాడు.