గడప ముందు తూకం బండ

ఆ కాలానికి గుండె జబ్బు మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ వంటింటి గడప ముందు తూకం బండ వచ్చేసింది. తొక్కినవాళ్ల బరువు చూసి, ఆ రోజుకి ఎంత ఉప్పో, ఎన్ని నీళ్లో అదే తేల్చేది.

ఆ పొద్దున అత్తగారు భ్రమరాంబ వంటింట్లోంచి వస్తూ దాన్ని తొక్కగానే బండ పలికింది. "నిన్నటికన్నా రెండు కిలోలు ఎక్కువ. ఒంట్లో నీరు చేరినట్టుంది. అంబులెన్సు పిలుస్తున్నాను."

కోడలు హైమ పరుగెత్తుకొచ్చింది. కిందటేడు ఇలాగే నీరు చేరి, ఊపిరందక, ఆవిడ చావు దాకా వెళ్లొచ్చింది. గబగబా కింద కూర్చుని అత్తగారి కాలు వేలితో నొక్కింది. నీరు చేరితే పడాల్సిన గుంట పడలేదు.

"ఆయాసంగా ఉందా అత్తయ్యా?"

"లేదే" అంటూ ఆవిడ కొంగు ఇంకాస్త బిగించుకుంది.

హైమ కొంగు పక్కకి తీసి చూసింది. ఆవకాయ జాడీ. మూతికి కట్టిన గుడ్డ కూడా విప్పలేదు.

"తినడానికి కాదే. వాసన చూద్దామని."

హైమకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అంబులెన్సు వద్దని బండకి చెప్పింది. మధ్యాహ్నం తనే గుడ్డ విప్పి, జాడీని అత్తగారి కంచం పక్కన పెట్టి కాపలా కూర్చుంది. భ్రమరాంబ ముద్దముద్దకీ జాడీ మీదికి వంగి వాసన పీలుస్తూ, చప్పటి పప్పన్నం మొత్తం తినేసి, మారు వడ్డించమంది.