ఒక్క నంబరువాళ్ళు

"మీ ఫోన్ ఆఫ్‌లో ఉండుంటుంది మేడమ్. బడి మెసేజ్‌లు పంపే మా ప్రోగ్రామ్‌లో తప్పుండదు," అన్నాడు ప్రోగ్రామర్, కుర్చీలో వెనక్కి వాలుతూ.

హెడ్‌మిస్ట్రెస్ బల్ల ముందు నిలబడ్డ టైలరమ్మ, మెడలో కొలతల టేపు కూడా తియ్యకుండా వచ్చేసింది. "నిన్న నా కూతురు జ్వరంతో మూడు గంటలు ఈ బళ్ళో పడుకునుందండీ. ఒక్క మెసేజ్ రాలేదు. ఫోన్ నా మిషన్ పక్కనే ఉంది, మోగుతూనే ఉంది."

"అందుకే రెండు నంబర్లివ్వమంటాం. మీవారి నంబరు కూడా ఇచ్చుంటే ఈ గొడవే లేదుగా?"

"ఇచ్చేదాన్నే," అందావిడ నెమ్మదిగా. "ఆయన లేరు."

హెడ్‌మిస్ట్రెస్ తల దించుకుని, సర్దక్కర్లేని కాగితాలు సర్దింది. "చూస్తానుండండి," అని గొణిగి ప్రోగ్రామర్ లాప్‌టాప్ తెరిచాడు.

చూశాడు. నిన్న పదకొండింటికి ఆ పిల్ల గురించి ఒకటి కాదు, పది మెసేజ్‌లు బయల్దేరాయి. మొదటిది తొమ్మిది అనే నంబరుకి. రెండోది నాలుగు అనే నంబరుకి. మూడోది సున్నాకి! ఒక్కటీ ఎవరికీ చేరలేదు. పాపం ఆ కబురు ఇంకా క్యూలోనే కూర్చునుంది.

ఇదే తప్పు ఆఫీసులో ఇంకెవరైనా చేస్తే నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. రాసింది తనే మరి. రెండు నంబర్లుంటే, ఇంట్లోవాళ్ళు నింపిన ఫారంలోంచి లిస్టుగా వస్తాయి. ఒక్కటే అయితే లిస్టు కాదు, ఉత్త స్ట్రింగ్, అంటే పక్కపక్కనే పేర్చిన అంకెలంతే. ప్రోగ్రామ్ దాన్నీ లిస్టే అనుకుని ఒక్కో అంకెనీ ఒక్కో ఫోన్ నంబరుగా లెక్కేసింది. ప్రతి పిల్లకీ అమ్మది ఒకటి, నాన్నది ఒకటి ఉంటాయిలే అనుకుని, ఒక్క నంబరుతో ఒక్కసారైనా పరీక్షించి చూడలేదు. ఆ సంగతి తనకి తాను ఒప్పుకోడానికే సిగ్గేసింది.

"తప్పు నాదేనండీ," అన్నాడు తలెత్తకుండా. "నెల్లాళ్ళుగా ఒక్క నంబరున్న వాళ్ళెవరికీ మెసేజ్ వెళ్ళలేదు."

"ఎంతమంది?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"నలభై ఒక్కమంది."

"నన్ను క్షమించమని అడక్కండి," అంది టైలరమ్మ. "నా ముందే బాగుచెయ్యండి. చూసి వెళ్తాను."

అయిదు నిమిషాల పని. వచ్చింది స్ట్రింగయితే, దాన్ని ముక్కలు చెయ్యకుండా ఉన్నదున్నట్టు లిస్టులో పెట్టి పంపమని రెండు వరుసలు రాశాడు. ప్రోగ్రామ్ మళ్ళీ నడిపించాడు. టైలరమ్మ ఫోన్ మోగింది. 'మీ అమ్మాయికి జ్వరం, వెంటనే రండి.' నిన్న రావలసిన మాట. ఆవిడ చదువుకుని, "ఇప్పుడొచ్చింది," అంది.

పావుగంట గడిచిందో లేదో, వాచ్‌మన్ తలుపు తోసుకొచ్చాడు. "అమ్మగారూ, గేటు దగ్గర తల్లులు! ఇరవైమంది దాకా ఉన్నారు! పిల్లలకేదో అయిందని ఏడుస్తున్నారు!"

ప్రోగ్రామర్‌కి అప్పుడు తట్టింది. క్యూలో ఇరుక్కున్న పాత మెసేజ్‌లు తీసెయ్యడం మర్చిపోయాడు. ఎప్పుడో తగ్గిపోయిన జ్వరాలూ, ఎప్పుడో మానిపోయిన మోకాళ్ళూ ఒక్కసారిగా నలభై ఒక్క ఇళ్ళకి చేరాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

గేటు దగ్గరికి పరిగెత్తాడు. ఒకావిడకి ఒక కాలికే చెప్పుంది. ఒక తాతగారు ఆయాసంతో గోడ పట్టుకున్నారు. "ఎవరికీ ఏం కాలేదండీ, అవి పాత మెసేజ్‌లు, తప్పంతా నాది," అని ఒక్కొక్కరికీ చేతులు జోడించి చెప్పాడు. తాతగారు నోటికొచ్చినట్టు తిట్టారు. అతను ఆ మాటలన్నీ పడ్డాడు. టైలరమ్మ మాత్రం, "పిల్లలు బాగున్నారమ్మా, కంగారు పడకండి," అంటూ అందరికీ మంచినీళ్ళు అందిస్తోంది. తిట్లకన్నా అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

అంతలో బస్సు దిగి పరిగెత్తుకొచ్చినావిడని చూడగానే, అతను జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. ఆవిడ అతని భార్య. వాళ్ళబ్బాయి ఇక్కడే అయిదో తరగతి.

"ఏమండీ, మనవాడికి కడుపునొప్పంట!"

"అది పాతది. వాడు బాగానే ఉన్నాడు," అన్నాడు. అంటూనే ఆగాడు. "అయినా నీకెందుకొచ్చింది? ఒక్క నంబరువాళ్ళకే కదా ఇవి వెళ్ళింది. నా నంబరు ఇవ్వలేదా?"

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఫారం వాడే నింపాడండీ. నాన్న నంబరు కూడా రాయరా అంటే, 'మనం చేస్తేనే ఎత్తరు, బళ్ళోవాళ్ళు చేస్తే ఎత్తుతారా అమ్మా?' అన్నాడు."