సమీహా పిలిచినప్పుడు

లింబాయత్‌లోని మరమగ్గాల వాడలో, ఒంటిగదిలో చీర కొంగుకు చమ్కీలు అతికిస్తున్న కరుణకు, మూడేళ్ల తర్వాత నబీల్ నుంచి వీడియో కాల్ వచ్చింది.

సందులో సాంచెల మోత. కూతురు సింధూజ లేచి తలుపు మూసింది.

ఇజ్రాయెల్ సరిహద్దు కొండ మీద డ్రూజు మతస్థుల చిన్న ఊరు నబీల్‌ది. మంచం పట్టిన అతని తల్లి సమీహాను కరుణ, సింధూజను ఇక్కడే వదిలి వెళ్లి, ఆరేళ్లు చూసుకుంది.

ఎప్పటిదో యుద్ధం ఆ ఊరి పక్కన కంచె వేసి పోయింది. సమీహా చెల్లెలు అవతల ఉండిపోయింది. అక్కాచెల్లెళ్లు ఎదురెదురు కొండల మీద నిలబడి, మైకుల్లో అరుస్తూ పెళ్లిళ్లూ చావులూ చెప్పుకున్నారు. ముప్పై ఏళ్లు.

కాళ్లకు నూనె రాయించుకుంటూ సమీహా ఇవన్నీ చెప్పేది.

"చస్తే ఏముంది? ఆ ఘడియలోనే మా వాళ్లలో ఎవరింట్లోనో పుడతాం" అనేది. ఊరంతటిదీ అదే నమ్మకం.

ఇప్పుడు ఫోన్లో నబీల్ గడ్డం నెరిసింది. ఒళ్లో ఎవరో పాప.

"పై వీధి వాళ్ల పిల్ల. అమ్మ పోయిన రోజే పుట్టింది. మా ఇల్లు తనదంటోంది. అమ్మ తాళాలు ఎక్కడ దాచేదో చూపించింది."

కరుణ వేళ్లకంటిన జిగురు తుడుచుకుంది.

"ఒక్క మాటే కలవట్లేదు. ప్రాణం పోయేటప్పుడు ఎంత పిలిచినా కరుణ రాలేదంటోంది. నీ చెయ్యి పట్టుకునే పోయిందని నువ్వే కదా చెప్పావు? పెద్దలు నిన్నే అడగమన్నారు. నీ మాటే నిజమైతే ఈ పిల్ల మా అమ్మ కాదు. ఇక మా ఇంటికి రానివ్వొద్దంటున్నారు."

"మమ్మీ, కౌన్ హై?" అంది సింధూజ.

"జర ఆగు బిడ్డా."

కరుణ వచ్చీరాని అరబ్బీలో మొదలుపెట్టింది.

"పాప చెప్పిందే నిజం, అన్నా. నేను గదిల లేను. పెరట్ల ఫోన్ మాట్లాడుతున్న. పిలుస్తుంటే ఇనవడ్డది. ఇంకొక్క మాట మాట్లాడి పోదామనుకున్న. నేను పోయేటాల్లకు..."



నబీల్ పాప చేతిని ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

పాప మాత్రం ఫోన్లోకే చూస్తోంది.

"అప్పుడు ఎవరితో మాట్లాడావు?" అంది.

కరుణ సింధూజ భుజం పట్టుకుని ఫోన్ ముందుకు లాక్కుంది.