తల్లి కొర్రమట్ట

"నీ దెబ్బలు ఇగ పడలేను. మా అవ్వగారింటికి పోతున్న, బాబునియ్యి," అన్నది విమల. బట్టల మూట చంకల ఉన్నది.

చెరువు ఒడ్డున బాబును ఒళ్లె పెట్టుకొని కూసున్న హన్మంత్ మొఖం తిప్పలే.

"నువ్వు పో. ఎవలద్దన్నరు? వాడు రాడు."

తామరాకుల నడుమ ఎర్రగ మసులుతున్న కొర్రమట్ట పిల్లల మీదికి గాలం ఇసిరిండు. తల్లి చేప ఎగిరొచ్చి కరిచింది. కాడల్ల చిక్కుకొని కొట్టుకున్నది.

"గంత ఆకలా దానికి?" అన్నది విమల.

"ఆకలి కాదు. పిల్లల జోలికొస్తె దేన్నైనా కరుస్తది."

విమల ఎరలు కోసే కత్తి అందుకొని దారం కోసింది. చేప మునిగింది.

హన్మంత్ నవ్వుకుంట ఇంకో గాలం కట్టిండు. "యాడికి పోతది?"

చేప మల్ల పిల్లల కిందికే వచ్చింది.

కట్ట మీద అవ్వగారింటికి పోయే మరిపెడ బస్సు హారన్ కొట్టింది. విమల మూట కింద పెట్టింది.